ఎడమ చెవి

మబ్బుతోనే లేపినాను వాళ్లను.
మైసూరు కంటి డాక్టరు, పుణె మేడమ్,
ఫిరంగంత లెన్సును చంటిబిడ్డలా ఎత్తుకున్న ఒక పిల్లోడు.
బెళుగుప్ప దాటినాక
జీపు లైట్లు ఆర్పమన్నాను ఖాజాను.
ఈ గుట్టలకు చుక్కల వెలుతురు చాలు.
పైన గాలిమరల ఎర్ర కండ్లు
ఎట్లాగూ మిణుకుతానే ఉంటాయి.

నా చొక్కా ఆకుపచ్చది.
జేబు మీద కంపెనీ పేరు, దాని కింద 'గైడు' అని కుట్టినారు.
లోపల మాత్రం పాత ఒళ్లే,
ముప్పై ఏండ్లు గొర్రెల నడుమ పండుకున్న ఒళ్లు,
ఏ సబ్బుకూ లొంగని ఉన్ని వాసన.

ఏమేమి కనిపిస్తాయి అని అడిగింది మేడమ్.
జింకలు కనిపిస్తాయమ్మా, వాటికి దాక్కోవడం రాదు.
తోక తొక్కి రాకపోయినా నక్క కనిపించొచ్చు.
దుమ్మలగొండి రాత్రి తిరిగే జాతి,
పగలు దాని పెంట చూపిస్తాను,
ఎముకలు తిని తిని సున్నం ముద్దలా ఉంటుంది.
తోడేలు అంటారా,
అది మనకు కనిపించేది కాదు,
మనమే దానికి కనిపిస్తాం.

వంక గట్టున కంప చాటుకు కూర్చోబెట్టినాను.
పొట్లంలో ఉగ్గాని చల్లారిపోయింది.
డాక్టరు తుమ్ము ఆపుకోలేక
టోపీలో మొహం పెట్టి తుమ్మినాడు.
పొద్దు ఇంకా పొడవలేదు.
గాలిమర రెక్క తిరిగినప్పుడల్లా
ఎవరో పెద్దమనిషి నిద్రలో ఊపిరి తీసినట్టు శబ్దం.

బుడ్డలు పెరికిన చేను మీదుగా వచ్చింది.
నడక కాదు, పరుగు కాదు,
మట్టి రంగే లేచి కదిలినట్టు.
గెనిం మీద ఆగింది.
కెమెరాలన్నీ ఒక్కసారిగా
రేకుల కప్పు మీద వాన చినుకుల్లా టకటకలాడినాయి.
పారిపోలేదు.
ఎడమ చెవి సగం లేదు.

ఐదేండ్ల కిందట ఒకే రాత్రి
దొడ్లో పదకొండు పిల్లలు పోయినాయి నాకు.
ఈరక్క తెల్లారిందాకా ఒక్క మాట మాట్లాడలేదు,
నెత్తుటి ఉన్నిని చేటలోకి ఏరుకుంటానే ఉండింది.
రెండు క్లచ్ వైర్లు ముడేసి
కంచె కంతలో ఉచ్చు పెట్టినాను.
మర్నాడు ఉచ్చులో ఇంత చెవి ముక్క.
నా అరచేతిలో పట్టేంత.
దాన్ని ఏం చేసినానో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

"ఏ పోట్లాటలో పోయిందో చెవి, ఎంత వీరుడో!"
అన్నాడు డాక్టరు గుసగుసగా.
లెన్సులో మొహమే నిండింది వాళ్లకు,
పొట్ట కింద పాల బరువు కనపడలేదు.
"నా కండ్లలోకే చూసింది అన్నా," అన్నాడు పిల్లోడు,
చేతులు వణుకుతాండాయి వాడికి.
అవునన్నాను.
గాలి నా వీపు మీదుగా దానివైపే పోతాంది.
చొక్కా మారితే మారింది,
అది చూసింది ఎవరినో దానికి తెలుసు, నాకు తెలుసు.

"పిల్లలుంటాయా? బొరియ ఎక్కడ?" అని అడిగింది మేడమ్,
రెండు వేలు ఎక్కువ ఇస్తానని.
రెండు వేలంటే
చిన్నపాప హాస్టలు బాకీలో సగం.
లేవు మేడమ్ అన్నాను.
సోలారు పలకల కంచె వైపు
తల తిప్పకుండా ఉండడానికి
బూటు ముడి ఊడదీసి మళ్లీ కట్టుకున్నాను.

సాయంత్రం ఇంటికాడ
ఈరక్క నా పచ్చ చొక్కాను పిండి
పెరట్లో తీగ మీద ఆరేసింది.
ఆ తీగే.
ఉచ్చు విప్పినాక ఇంట్లో ఏదీ పారేయం మేము.
పిల్లోడు పంపిన ఫోటో ఫోనులో చూపించినాను.
తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని
చాలాసేపు చూసింది, చెవిని చూసింది.
ఆడదా అని అడిగింది.
ఊ.
పిల్లలుండాయా?
నాలుగు అన్నాను.
చొక్కా నీళ్లు కారుతానే ఉండాయి కింద మట్టిలోకి.
"చేలన్నీ కంచెలేసిరి,"
అనింది ఈరక్క, ఫోను నాకు తిరిగి ఇస్తా,
"ఏం పెట్టి సాకుతాందో."