మూడో వరస దగ్గర

మా తాత క్లారీ ముప్ఫై ఒక్క ఏళ్లు
టాస్మేనియాలో బొరోనియా పండించాడు.
దాని వాసన ఆయనకు తెలియదు.

జలుబు కాదు.
మిగతావన్నీ తెలుస్తాయి ఆ ముక్కుకి:
తడిసిన కుక్క, డీజిలు, మాడిన రొట్టె.
ఈ ఒక్క పూవు దగ్గరికొస్తే మాత్రం
తలుపు మూసిన గది.
కొందరు అలాగే పుడతారట.

అందుకని చేతులతో పెంచాడు.
ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది గానీ
ఉత్త పిరికిది.
హ్యూన్ నది మీంచి మంచు పాక్కుంటూ వచ్చే రాత్రులు
గోనెపట్టాలు భుజాన వేసుకుని వరసల్లోకి వెళ్లేవాడు.
సున్నం సోకనిచ్చేవాడు కాదు.
"పార అన్న మాట కూడా దాని పక్కన అనకు,
దాని వేళ్లు వెంట్రుకలే.
ఆ వేళ్లకి ఈ వేళ్లే పనిముట్టు" అని
కలుపు గిల్లి చూపించేవాడు.

పూవు, చూస్తే ఏమంత లేదు.
బఠాణీ గింజంత. తలవంచుకుని ఉంటుంది.
బయట పాతబెల్లం రంగు,
లోపల పసుపు,
తిప్పి చూసేవాళ్లకే.

సెప్టెంబరులో నానమ్మ ఎనిడ్
రబ్బరు బూట్లతో గట్టు దిగి
మూడో వరస దగ్గర నిలబడేది.
గాలి పీల్చి "వచ్చింది" అనేది.
ఆ మాట మీదే కోతలు మొదలు.

ఎలా ఉంటుందని తాత ఏటేటా అడిగేవాడు.
ఓ ఏడు నిమ్మతొక్క అంది.
ఓ ఏడు, వాన వెలిశాక చెక్కపెట్టె మూత తీసినట్టు అంది.
ఓ ఏడు విసుక్కుని,
"ఏమో క్లారీ, పట్టుకునేలోగా ముక్కు అలిసిపోతుంది,
రెండో ఊపిరికి ఉండదు" అంది.
ఆ జవాబే ఆయనకు నచ్చింది.
"అయితే నీకూ నాకూ తేడా ఒక్క ఊపిరే!"

నానమ్మ జూన్‌లో పోయింది.
సెప్టెంబరు ఆగలేదు.
పన్నెండేళ్ల నన్ను మూడో వరస దగ్గర నిలబెట్టి
టోపీ తీసి చేత్తో పట్టుకుని
తాత నా ముఖంలోకి చూశాడు.

పీల్చాను.
చలి. తడి మట్టి. ఆయన కోటు ఉన్ని.
ఇంకోసారి పీల్చాను.
తలుపు మూసిన గది.

ఓ పూవు పట్టుకుని తిప్పాను.
పసుపు అంచుదాకా విచ్చుకుని ఉంది.
పక్కదీ అంతే. దాని పక్కదీ.
"వచ్చింది" అన్నాను.

నమ్మాడో లేదో.
ఎలా ఉందని మాత్రం అడగలేదు.
ట్రాక్టరు వైపు నడుస్తూ అన్నాడు:
"ఈ వరసకి ఏడేళ్లు నిండాయి, ఇక బతకవు.
కోత అయ్యాక కొమ్మలు కత్తిరించి
ఇసకలో గుచ్చాలి, వేలెడంత లేతవి.
నీ చెయ్యి చిన్నది. పనికొస్తుంది."