ముక్కుసూటి

ఎనిమిది వందల డాలర్లకి
ఐలీ కాంగస్ నాకు బీటిల్ అమ్మింది.
ఇంజను వెనక, డిక్కీ ముందు,
నీళ్ళు తాగని కారు, గాలి భోంచేసి బతికే రకం.
"హీటరు బాగా పనిచేస్తుంది" అంది.
చేసింది.

డలూత్ కొండ సగం దిగేసరికి
పాదాల దగ్గర వెచ్చదనం,
దాని వెనకే
అట్ల పెనం మీద ఎవరో ఇరుసు నూనె పోసినట్టు కమురు.
ఆసుపత్రిలో రక్తం తీయడానికి చెయ్యి పట్టుకుంటే
పేషెంట్లు సూదిని వదిలేసి నన్ను చూశారు.
కోటు ఉతికాను. తల రెండుసార్లు రుద్దుకున్నాను.
అద్దం దించితే చెవులు ఊడొస్తాయి,
ఎత్తితే కణతలు పగులుతాయి.
సరస్సు మీంచి వచ్చే గాలికి జాలి లేదు.

పోట్లాటకే వెళ్ళాను.
"వాసనా?" అంది, కళ్ళు చికిలించి.
క్లోకే కాగితం మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు.
గంధకం ఆవిరి ముందు చేపల పులుసుని, తర్వాత సబ్బుని,
చివరికి మొగుడి చొక్కాని
తీసుకుపోయిందట ఆ ముక్కులోంచి.
అబద్ధం ఆడలేదు పాపం.
ముక్కుసూటి మనిషే. ముక్కొక్కటే లేదు.

గరాజులో అట్టముక్క పరిచి
డెబ్బై నాలుగేళ్ళ మనిషి కారు కిందికి దూరింది.
నేను లైటు పట్టుకున్నాను.
స్క్రూడ్రైవరు మొనతో తీగ క్లిప్పుని ఒక్క ఊపులో తప్పించి
వాల్వుల మూత తీసింది.
కార్కు గాస్కెట్, నిరుటి వడియంలా పెళుసెక్కి,
ముక్కలై ఆమె గడ్డం మీద రాలింది.
"ఇక్కణ్ణుంచి చుక్క. కింద ఎగ్జాస్టు చుట్టూ రేకు తొడుగు.
గాలి దాన్ని రాసుకుని నీ కాళ్ళ దగ్గరికొస్తుంది.
ఇది కార్చింది నువ్వు పీలుస్తున్నావు."
పుష్‌రాడ్ గొట్టం ఒకటి చెమర్చి ఉంటే అదీ మార్చింది.
పాత సీలు జేబులో వేసుకుంది, ఎందుకో అడగలేదు.
"పొగగొట్టం గ్యాసులో అసలు విషానికి వాసనే ఉండదు,
పడుకోబెట్టేస్తుంది.
నూనె నయం. చెప్పి వస్తుంది."

ఇంజను స్టార్ట్ చేసి నన్ను లోపల కూర్చోబెట్టింది.
కిటికీలోంచి వంగి, "చెప్పు."
"ఇంకా ఉంది."
"పాతది, పేరుకున్నది. రెండ్రోజులు మాడనీ."
మాడనిచ్చాను, అద్దాలు దించి, మంకీ టోపీలో,
ఎర్ర లైట్ల దగ్గర జనం నవ్వుతుంటే.

మూడో రోజు మళ్ళీ వంగింది.
"ఇప్పుడు?"
"ఏమీ లేదు."
"ఏమీ లేకపోవడం నాకు రోజూ తెలుసు.
ఉన్నదేదో చెప్పు."

గట్టిగా పీల్చాను.
వేడెక్కిన ఇనుము. తడి అట్ట.
తన స్వెట్టరు ఉన్ని, ఉన్ని మీద కుక్క.
పక్క సీట్లో తువ్వాల్లో చుట్టి పెట్టిన రొట్టె:
వెన్న, ఏలకులు
(చూసి కాదు, లెక్కపెట్టి వేస్తుంది).
ఒక్కొక్కటీ చెప్తుంటే
తల ఊపుతూ వింది, కిరాణా బిల్లు సరిచూసుకుంటున్నట్టు.

"ఏలకులు సరిపోయాయా?"
ముందు అద్దం మీద మంచు
అప్పటికి అరచేతి మేర కరిగింది.
"రెండు ఎక్కువ" అన్నాను.