తాబేలు బొమ్మ కింద

స్విండన్ స్టేషన్లో, మెట్లు దిగే చోట,
పెద్ద బోర్డు పెట్టారు వాళ్ళు.
తాబేలు. దాని వీపు మీద జీతాల కవరు.
"శుక్రవారానికి చేరుతుంది. ఏ శుక్రవారమో అడక్కండి."
మా పేరెక్కడా లేదు.
డిప్ప రంగు మాత్రం అచ్చం
మా లోగో ఆకుపచ్చ.

నాతో పాటు రైలు దిగినవాళ్ళలో
ఒకాయన ముక్కుతో నవ్వాడు.
మెళ్ళో వేలాడే కంపెనీ కార్డుని
కోటు లోపలికి తోసేశాను.

ఆఫీసులో పదకొండు మందిమి.
ఆ పొద్దున ఎవరూ కెటిల్ ముట్టుకోలేదు,
ఈ దేశంలో అది చిన్న సంగతి కాదు.
డెక్లన్ అప్పటికే బొమ్మ గీసుకొచ్చాడు:
గుర్రుపెట్టి నిద్రపోతున్న కుందేలు.
"ఆగస్టులో వాళ్ళ సర్వర్లు రెండ్రోజులు పడుకున్నాయిగా,
వేద్దాం, అన్ని బస్సుల మీదా వేద్దాం!"
ఫిలిపా లాయరు నోటీసంది.
ఇంకొకరు, అసలు చూడనట్టే ఉందామన్నారు,
ఏనుగులా నడిచిపోదామని కాబోలు.
పదకొండు మందికి ఏనుగు నడకేమిటి?
ఈ ఊళ్ళో ఒక రౌండబౌట్ ఉంది,
ఐదు చిన్న సుడులు, వాటిని చుట్టి ఒక పెద్ద సుడి.
మా మాటలూ దాంట్లోకే వెళ్ళాయి,
బయటికి దారి దొరకలేదు.

గుమ్మడికాయల దొంగంటే
భుజాలు తడుముకున్నవాడి కథ చెబుదామనుకున్నాను.
ఇంగ్లీషులో నోటిదాకా వచ్చి ఆగింది.
ఆ కాయ మీద బూడిద ఎందుకుంటుందో,
దొంగ దాన్ని భుజానెందుకు మోశాడో
ముందు అదంతా విప్పి చెప్పాలి.
ఊరుకున్నాను.

అప్పుడు ఫోన్ మోగింది.
మిసెస్ బాప్టిస్ట్, గ్లోస్టర్‌లో లాండ్రీ, తొమ్మిది మంది పనివాళ్ళు.
"బస్సు వెనకాల మీ తాబేలుని చూశానమ్మా,
నవ్వాగలేదు, ఏమనుకోకు.
జీతాల బటన్ నొక్కి నేను
టీ పెట్టుకుని, బిస్కెట్ ముంచుకు తినొస్తానా,
నీ చక్రం తిరుగుతూనే ఉంటుంది.
నాకలవాటే.
కొత్తగా చేరిన పిల్లకి ఓపిక లేదు.
వాళ్ళ నంబరు తీసుకుంది."

మా మెషీన్ మీద నేనే నొక్కి లెక్కపెట్టాను.
డెక్లన్ కుందేలు కింద
బోర్డు మీద రాశాను: 41 సెకన్లు.

ఎమ్రిస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
పందొమ్మిదేళ్ళ కిందట, వందమంది కస్టమర్లున్నప్పుడు
ఆ లూప్ రాసింది ఆయనే.
"ఆ బొమ్మ వేసినవాడు
నా కోడ్ చదివాడనిపిస్తోంది," అన్నాడు.
ఎవరూ నవ్వలేదు.
తర్వాత ఫిలిపా నవ్వింది,
ఆపుకోలేక టేబులు పట్టుకుని.
లాయరు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.
కుందేలు సొరుగులోకి పోయింది. డెక్లన్ వారం రోజులు అలిగాడు.

బాగుచేయడానికి నవంబరు దాకా పట్టింది.
మధ్యలో ఒక శుక్రవారం
హెరెఫర్డ్‌లో ఒక బేకరీ వాళ్ళందరికీ
రెండేసి జీతాలు పంపాం.
ఆ శనివారం ఉదయం ఎమ్రిస్ వేళ్ళు
కీబోర్డు మీద వణకడం చూశాను.
ఆయనకి కాఫీ తెచ్చిచ్చాను, మాటేదీ తోచక.

ఇప్పుడు నాలుగు సెకన్లు.
మేమే బోర్డూ పెట్టలేదు.
మిసెస్ బాప్టిస్ట్ ఫోన్ చేసి
టీ తాగే టైం లేకుండా చేశారని తిట్టింది.

నవ్విన నాప చేనే పండుతుందంటారు.
ఏమో. కలుపు తీసిన చేతులకి తెలియాలి.
ఆ నెలల్లో వెళ్ళిపోయిన ముప్ఫై మందిలో
వెనక్కొచ్చింది నలుగురే.

స్టేషన్లో బోర్డు మారింది,
ఇప్పుడక్కడ టూత్‌పేస్టు, తెల్లటి పళ్ళు.
అంటించినవాడు తొందరలో ఉన్నట్టున్నాడు,
కింది మూలలో కాగితం చాలలేదు.
ఒక ఆకుపచ్చ కాలు
ఇంకా అక్కడే ఉంది,
ముందుకి వేస్తూ.