మూడో దిమ్మ

అరియాకె సముద్రం వెనక్కి తగ్గినప్పుడు
సాగా ముందు ఆమడ దూరం బురదే.
దాని మీదే రోడ్డు వెయ్యాలన్నారు.
నలభై అడుగుల లోతుకి గొట్టం దించి
సిమెంటు పాలు తాగించాం.
మెత్తటి మన్ను మాట విన్నది, నెమ్మదిగా.

ఒబోన్ పండక్కి ప్రయోగశాల మూసిన రోజు
మూడు దిమ్మలు బల్ల మీదే మర్చిపోయింది నేనే.
తడిగుడ్డ చుట్టలేదు, తేమపెట్టెలో దాచలేదు.
ఆరు రోజులు ఆగస్టు ఎండ
కిటికీలోంచి వచ్చి వాటి పక్కన కూర్చుంది.

తిరిగొచ్చేసరికి రంగు వెలిసిపోయాయి.
గోటితో కొడితే కంచులా ఖంగుమన్నాయి.
మొదటిది యంత్రం కింద పెడితే
ముల్లు ఎన్నడూ వెళ్లని చోటికి వెళ్లింది.
కంపెనీ కుర్రాడు కురొగి ఎగిరి గంతేసినంత పని చేశాడు:
"ఎండితేనే నయం కదా, తోకియే గారూ!"

ముప్పై ఒక్కేళ్లుగా మట్టిని విరగ్గొట్టి బతికిన మనిషి.
జవాబివ్వలేదు.
రెండోదాన్ని భూతద్దం కింద పెట్టి నన్ను పిలిచింది.
వెంట్రుకవాసి గీతలు.
జ్వరమొచ్చిన వాడి పెదవుల మీద ఉంటాయే, అలాంటివి.

మూడోదాన్ని
తను మధ్యాహ్నం నూడుల్స్ తినే గిన్నెలో నిలబెట్టి
నీళ్లు పోసింది.

ముందు ఒక బుడగ.
ఇంకోటి. తర్వాత గుసగుసగా బోలెడు.
అంచు జారింది.
టీ చల్లారేలోపే
పైసగం పక్కకి ఒరిగి,
బురద మళ్లీ బురదని గుర్తుపట్టింది.

"ఇది ఆరి గట్టిపడే వస్తువు కాదబ్బాయ్," అంది,
"తాగి గట్టిపడేది.
దాహం తీరకముందే నీళ్లు లాగేస్తే
బిగుసుకుంటుంది, అంతే."

అప్పుడు గుర్తొచ్చింది ముగ్గురికీ,
పండగ ముందు తవ్వి వదిలిన పడమటి గోడ.
నెత్తిన గుడ్డైనా లేకుండా ఎండలో.
రేపు వాన, అంటోంది రేడియో.

లోపలి తడి చేతికి తగిలేదాకా
ఎండిన పైచెక్కంతా గీకేసి
తడిపిన గడ్డిచాపలు కప్పాం, చీకటి పడేదాకా.
నాచు పెంచే పడవలవాళ్లు గట్టు మీంచి నవ్వారు:
బురదకి దుప్పటా అని.
కురొగి కొత్త బూట్లు పిక్కలదాకా దిగబడ్డాయి.
ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది.

"యంత్రం చూపిన అంకె రాయమంటారా?"
"రాయి. పక్కనే గిన్నె సంగతీ రాయి."

గిన్నె మూడుసార్లు తోమింది.
అడుగున సన్నటి బూడిద చార పోలేదు.
మర్నాడు, బయట వాన కురుస్తుంటే,
అందులోనే తిన్నది.