కడప కింది మన్ను

నారాయణపేట సరాఫ్ బజార్ల
షట్టర్లు లేవకముందే సవారమ్మ చీపురు లేస్తది.
ఊడ్చుడు అందరి లెక్కనే. పారబొయ్యదు.
మోరీ అంచున కూసొని దోసిట్ల ఎత్తుకుంటది
నిన్నటి దుమ్ము, ఆకురాయి పొడి, బీడీ బూడిద,
చెప్పులకంటుకొని పోయింది పోంగ
మిగిలిన బంగారం.

నేను గురుబసప్ప సేటు అరుగు మీద
కుదువ కాయితాలు రాస్త, ఇర్వై రెండేండ్ల సంది.
నా ఈపు ఆనుకునే కంబం టేకుది.
దాని నెత్తిన చెక్కిన చిలుకకు ముక్కు లేదు.
విరగ్గొట్టిన పోరడు ఈపాటికి ముసలోడై పోయుంటడు.
పైన మాడి. మాడికి సన్నజాలి కిటికి.
ఒకప్పుడు అక్కడికెల్లి తాడుగట్టిన బుట్ట దిగేదట,
సొమ్ములు పైకి, పైసలు కిందికి.
సేటు అవ్వ చేతి గాజులు తప్ప
మొఖం చూసినోడు ఈ బజార్ల లేడు.

ఎష్టు అంటడొకడు. కితీ అంటదొకామె.
చీరెల మూట దించి కిత్నా అంటడు ఇంకొకడు.
నేను ఎంత అని రాస్త.
తూకం ఏసేటప్పుడు మాత్రం అందరు నోర్లు మూస్తరు.
ఫ్యాన్ బంద్ చేస్తరు, రోహిణి ఎండలైనా సరే.
గాలికి సుత బరువుంటదని
ఇక్కడి పసిపోరలకు ఎరుకే.

మొన్న మున్సిపాలిటోళ్లొచ్చి
గోడ మీద ఎర్రగీత గీసి పోయిన్రు.
రోడ్డు ఎడల్పు. నాలుగడుగులు.
నాలుగడుగులంటే అరుగు. చిలుక.
నేను కూసునే జాగ.
ఊరందరికి హద్దులు రాసినోన్ని,
నా పేరున ఒక్క జానెడు రాసుకోలె.

జేసీబీ రేపొస్తదనంగ
సవారమ్మ సేటు ముందట నిలవడ్డది.
కంబాలు అడగలె. తలుపులు అడగలె.
వాటికి పట్నం బేరగాండ్లు అడ్వాన్సిచ్చి పోయిన్రు.
"కడప కింది మన్ను నాకియ్యి" అన్నది.
"మోనప్ప కుంపటి పెట్టుకున్న అర్ర లేదా,
దాని బండలు లేపి మూరెడు లోతు తవ్వుకుంట."
సేటు నవ్విండు. నవ్వి, ఆగిండు.
మోనప్ప, మోనప్ప తండ్రి, ఆయన తండ్రి
ఆ అర్రల రాకినదంత
కండ్లు మూసుకొని లెక్క గట్టిండు.
ఎనిమిది వేలు అన్నడు. ఆమె మూడన్నది.
నేను కలం పట్టుకొని ఆలోచనల పడ్డ,
దుమ్మును ఏమని రాయాలె?
స్థిరాస్తా, చరాస్తా?

ఐదున్నరకు తెగింది. రాసిన:
మన్ను, బస్తాలు పదకొండు.
అందులో ఉన్నది, లేనిది, రెండూ కొన్నవారివే.

మూడు దినాలు గల్లీ కొసన నల్లా కాడ గాలించింది.
తొట్టె తిప్పుతుంటే ఎర్రనీళ్లు పోయినయి,
నల్లనీళ్లు పోయినయి,
ఎవరిదో చెవికమ్మ మర, ఒక రాగి పైస దొరికినయి.
పాదరసం పొగ లేసేయాల
మనుమరాల్ని కట్టె పట్టుకొని దూరం కొట్టింది,
తాను మాత్రం అక్కడ్నే కూసున్నది, కొంగు అడ్డం పెట్టుకొని.

నాలుగో దినం పిడికిలి మూసుకొని వచ్చింది.
గురిగింజ కన్న పెద్దది, చింతగింజ కన్న చిన్నది.
ఇంకేం చెప్పను, చెప్పొద్దన్నది.
అరుగు లేదు. సగం కోసిన మాడి మీద
సేటు అవ్వ గది, నీలి సున్నం గోడ,
అద్దం తగిలిచ్చిన మేకు
మొదటిసారి బజారును చూస్తున్నయి.
కూసునేతందుకు జాగ లేక నేను నిలవడ్డ.

సేటు తరాజు బయటికి తీసిండు.
లోపట పనిజేసే బెంగాల్ పిల్లగాడు లేచి,
ఎవ్వరు చెప్పకముందే,
ఫ్యాన్ బంద్ చేసిండు.