తాలు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
మిర్చికి పదకొండు గదులు.
ఉత్తరాలకి, నా సర్వర్లో, ఇవాళ్టితో పన్నెండు.

కొత్త ఫోల్డరుకి పేరేం పెట్టమంటారంటే
గుమాస్తా మస్తాన్‌రావు గారు రెండుసార్లు తుమ్మి
"తాలు" అన్నారు.
రంగు పోయిన కాయల్లాంటి ఉత్తరాలట,
జవాబివ్వనివి, అలాగని పారెయ్యబుద్ధి కానివి,
అన్నీ అందులో పోద్దామని.

షంషాద్‌కి చదవడం, రాయడం.
గేటు దగ్గర కాటా చూసే ఏసుపాదానికి చదవడం మాత్రమే.
ఓనరు గారికి అన్నీ, చెరపడంతో సహా.
"ఆయనకి ఆ ఒక్కటీ వద్దులే అమ్మా"
అన్నారు, గుమ్మం వైపు చూస్తూ.

టిక్కీ దించడానికి ఇద్దరు కావాలి.
టిక్కు తీయడానికి నా చూపుడువేలు చాలింది.

ఆయన మొదట అందులోకి జరిపింది
మూడేళ్ల కిందటి పెదనందిపాడు ఉత్తరం:
"అయ్యా, బాండు కాగితం వానకి నానిపోయింది.
నాలుగో గదిలో నలభై టిక్కీలు మావేనని
మీ పుస్తకంలో ఉందా?"

అందరి తెరల మీదా ఒకేసారి దిగింది,
ఎవరూ చదవనట్టు, నల్లగా, లావుగా.

తెరిచాను.
నా ఒక్కదాని తెర మీదే
అక్షరాలు సన్నబడ్డాయి.