కింది నుంచి పైకి

హాస్ట్ దారిలో వానని మిల్లీమీటర్లలో చెబితే
నవ్వుతారు.
మీటర్లు. ఏడాదికి నాలుగో, ఐదో.
ఇక్కడ గొడుగు కొన్నవాణ్ణి నేను చూడలేదు,
గాలి ఉంచదు.

రేవిన్ కూల్టర్ బండి తెచ్చింది, మూడోసారి.
పాత ల్యాండ్ క్రూజర్, పోస్టు మోసేది.
ఎడమ పక్క సీటు పీకేసి
ఉత్తరాల పెట్టె బిగించుకుంది.
పెట్టె అడుగున నీళ్లు.
"బే దగ్గర ముసలాయన పింఛను కాగితం
ముద్దయిపోయింది డెస్.
పొయ్యి మీద తాడు కట్టి ఆరేసి
చదువుకున్నాడు."
కోపంగా అనుంటే బాగుండేది.

మొదటిసారి ముందద్దం రబ్బరు మార్చాను.
రెండోసారి తలుపు రబ్బరు.
రెండుసార్లూ డబ్బు తీసుకున్నాను.

ఈసారి కార్పెట్ అంతా లేపాను.
కింది మెత్తని పిండితే బకెట్టు నిండింది.
తడి కుక్క వాసన, బంక వాసన,
నేల రేకు మీద తుప్పు
ఎవరూ వెళ్లని దీవి పటంలా.

నీరు పల్లమెరుగు అంటారు.
నిజమే. ఎక్కణ్ణుంచి బయల్దేరిందో మాత్రం చెప్పదు.
తడి తేలిన చోటు వేరు, తప్పు జరిగిన చోటు వేరు.
ముప్పై ఏళ్లుగా నాకు తెలుసు.
తెలిసీ రెండుసార్లు అద్దాన్నీ తలుపునీ అనుమానించాను,
ఎదురుగా కనబడుతున్నాయి కదా అని.

పిరిపికి టార్చి ఇచ్చి లోపల కూర్చోబెట్టాను.
పదిహేడేళ్లు. చెవుల్లో ఎప్పుడూ ఏదో పాట.
"అవి తీసెయ్. చెవులతో కూడా వెతకాలి."
తలుపు సందులకి పిల్లల పౌడరు అద్ది
పైపు పట్టుకున్నాను.
కింది నుంచి పైకి వెళ్లాలి.
ముందే నెత్తి మీద పోస్తే
అన్నీ ఒక్కసారే తడుస్తాయి,
అన్నీ దొంగల్లాగే కనిపిస్తాయి.

గడప అంచు. పది నిమిషాలు.
"పొడి," లోపలి నుంచి.
తలుపు నడుము.
"పొడి."
బానెట్ వెనక జాలీ తీస్తే
గుప్పెడు బీచ్ ఆకులు, ఒక చచ్చిన వేటా పురుగు,
నీళ్లు పోయే కన్నాన్ని మూసి కుళ్లుతున్నాయి.
వేళ్లతో తోడేశాను. ఇదే, ఇదే అయి ఉండాలి
అనుకున్నాను, మొక్కుకున్నంత పని చేసి.
పైపు పెట్టాను.
"పొడి."
అద్దం చుట్టూ. "పొడి, డెస్. ఆకలేస్తోంది."

పైకప్పు దాకా వచ్చేసరికి
చెయ్యి తనంతట తనే నెమ్మదించింది.
అక్కడ రేడియో ఏంటెనా.
మూడేళ్ల కిందట, క్రిస్మస్ ముందు హడావుడిలో
డ్రిల్లు పెట్టి బిగించింది నేనే.
సరైన వాషరు లేదారోజు.
రేపు వేద్దాం అనుకున్నాను.
పైపు ఇంకా అటు తిప్పనేలేదు,
భుజాలు తడుముకుంటున్నాను.

తిప్పాను.
లోపల చాలాసేపు చప్పుడు లేదు.
"వస్తోంది," అన్నాడు.
"పైబట్ట వెనక నుంచి, స్తంభం లోపల్లోపలే దిగుతోంది.
కనబడట్లేదు. వినబడుతోంది."

ఏంటెనా విప్పి, కన్నం అంచు గీకి,
తుప్పు పోయేదాకా రుద్ది, ప్రైమరు పూశాను.
ఇక ఆరాలి. ఈ ఊళ్లో ఏదైనా ఆరడమంటే
షెడ్డులో హీటరు, రెండు రాత్రులు.
ఆ తర్వాతే రంగు, రబ్బరు వాషరు, సీలెంటు.
ఈసారి రేపు అనలేదు.

ఆమెకి ఫోన్ చేస్తుంటే
పిరిపి స్పానర్లు తుడుస్తున్నాడు,
తుడిచినవే మళ్లీ.
అద్దం రబ్బరే అని చెప్పినా ఆమె నమ్మేది.
"కన్నం నేను పెట్టిందే," అన్నాను.
అటు వాన చప్పుడు. తర్వాత ఆమె.
"మరి ఆ రెండు బిల్లులు?"
"డబ్బు వెనక్కిస్తా. బిల్లులు చింపెయ్."
"చింపడానికేముంది," అంది,
"ఆ పెట్టెలోనే పెట్టాను. ఎప్పుడో కరిగిపోయాయి."

పెట్టె అడుగున పాత పేపరు పరిచి బండి ఇచ్చాను,
చెమ్మ తగిలితే చెబుతుందని.

పదకొండు రోజులు కురిసింది.
పన్నెండో రోజు షెడ్డు ముందు ఆగకుండానే
హారన్ కొట్టింది.
కిటికీ దించి, ఆ పేపరు బయటికి పెట్టి ఊపింది,
పెళపెళలాడేలా.
వంతెన దాటేలోగా
అది తడిసి ముద్దయ్యే ఉంటుంది.